సుంకరి మాటా, వర్తకుని మాటా?

ఉగాదినాటి పంచాంగ శ్రవణంలో నవనాయకుల పేర్లు చదువుతారు. రాజెవరు, మంత్రి ఎవరు అని అందరమూ చెవి ఒగ్గి వింటాము. సస్యాధిపతి, మేఘాధిపతి అన్నప్పుడు రైతు బిడ్డలు తల ఎత్తుతారు. వీరి నడుమ అర్ఘాధిపతి అని ఒకాయన ఉన్నాడు. అర్ఘమంటే వెల. ఆ ఏడు వస్తువుల వెలలు ఎక్కుతాయో దిగుతాయో ఆయనను బట్టి చెబుతారు. వెలకు కూడా ఒక అధిపతిని ఏర్పాటు చేసుకొన్న జాతి మనది. ఐతే ఒక వస్తువు వెల మీద ఇద్దరు రెండు మాటలు చెప్పినప్పుడు ఎవరి మాట నిలవాలి, ఎవరు రుజువు చేయాలి అన్న ప్రశ్నకు ఏ గ్రహమూ జవాబు చెప్పదు. దానికి రాజశాసనాలు చూడాలి, న్యాయస్థానాల తీర్పులు చూడాలి. ఆ చరిత్రను కొంచెం వివరంగా చెప్పాలని మేము ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

విదేశాల నుంచి వచ్చే సరుకు మీద సుంకం రెండు విధాలుగా వేస్తారు. బస్తాకు ఇంత, మణుగుకు ఇంత అని లెక్కను బట్టి, తూకాన్ని బట్టి వేసేది ఒకటి. సరుకు వెలలో నూటికి ఇంత అని వేసేది మరొకటి. మొదటిదానిలో తగవుకు చోటు తక్కువ. బస్తాలు లెక్కపెడితే సరిపోతుంది, తూకం వేస్తే తేలిపోతుంది. రెండవదానిలోనే చిక్కంతా ఉన్నది. వెల అన్నది కంటికి కనిపించేది కాదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు మన పెద్దలు. ఒకే సరుకుకు అమ్మేవాని దగ్గర ఒక వెల, కొనేవాని దగ్గర ఒక వెల.

మాటవరసకు ఒక వర్తకుడు 1,00,000 రూపాయల సరుకు తెప్పించాడనుకొందాము. సుంకం నూటికి 20 అనుకొంటే 20,000 కట్టాలి. రేవులోని అధికారి ఆ కాగితాలు చూచి, ఈ సరుకు లక్షకు రాదు, లక్షన్నర చేస్తుంది అంటే సుంకం 30,000 అవుతుంది. తేడా పదివేలే గదా అనుకోరాదు. కావాలనే వెల తగ్గించి చెప్పాడని తేలితే సరుకు జప్తు కావచ్చును, జుల్మానా పడవచ్చును, వర్తకుని పరువు పోవచ్చును. అందుకే వెల ఎంత అన్న ప్రశ్నకన్నా, వెలను రుజువు చేయవలసింది ఎవరు అన్న ప్రశ్నే పెద్దది. లక్షే ఇచ్చానని వర్తకుడు నిరూపించుకోవాలా? లక్ష కాదని సర్కారు నిరూపించాలా? రెండువైపులా సాక్ష్యం సమంగా ఉన్నప్పుడు ఓడేది ఎవరు? రుజువు భారం అంటే ఇదే.

సుంకం అన్న మాట

మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఈ మాట మనకు కొత్త కాదు. సంస్కృతంలో శుల్కం, తెలుగులో సుంకం, కన్నడంలో సుంక, తమిళంలో సుంగం. బెంగుళూరులో సుంకదకట్టె అన్న పేట పేరు విన్న మనవారు అది ఒకప్పటి సుంకపు గట్టు అని ఇట్టే గ్రహిస్తారు. తమిళనాట సుంగం తవిర్త చోళుడని, అనగా సుంకం మాన్పించిన చోళుడని, పేరు తెచ్చుకొన్న మొదటి కులోత్తుంగుడు వేంగి చాళుక్యుల బిడ్డ. 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. మహారాష్ట్రలోని మనవారు జకాతు అన్న మాట ఎరుగుదురు. యానాం సంగతి వేరు. 1954 దాకా ఆ ఊరు ఫ్రెంచి పాలనలో ఉండడంచేత, చుట్టూ ఉన్న గోదావరి మండలానికీ ఆ ఊరికీ నడుమ ఊరి పొలిమేరే దేశపు పొలిమేర అయి ఉండేది. అక్కడి పెద్దలకు సుంకపు గీటు అంటే పుస్తకం తెరచి చెప్పనక్కరలేదు.

సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు అన్న సామెత తెలుగులోనూ ఉన్నది, కన్నడంలోనూ ఉన్నది. సుంకరికి నీ కష్టం పట్టదు, పైకమే కావాలి అని దాని తాత్పర్యం. ఐతే ఆ సామెత సగం సత్యమే. చరిత్ర తిరగవేస్తే, సుంకరి కూడా కొన్ని నియమాలకు కట్టుబడి ఉండాలని కోరిన రాజులు, శాస్త్రకారులు, న్యాయమూర్తులు కనిపిస్తారు.

కౌటిల్యుని సుంకశాల

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో శుల్కాధ్యక్షుని గురించి ఒక అధ్యాయం ఉన్నది. నగర ద్వారం దగ్గర సుంకశాల, దానిపై ధ్వజం. వచ్చిన వర్తకుడెవరు, ఎక్కడినుంచి వచ్చాడు, ఎంత సరుకు తెచ్చాడు, మొదటి ముద్ర ఎక్కడ పడింది అని నలుగురైదుగురు ఉద్యోగులు వ్రాసుకోవాలి. ముద్ర లేకపోతే రెండింతల సుంకం. దొంగ ముద్ర ఐతే ఎనిమిదింతలు. బయటినుంచి లోపలికి వచ్చే సరుకు మీద సామాన్యంగా వెలలో ఐదవ వంతు సుంకమని తరువాతి అధ్యాయం చెబుతుంది.

వెలను తేల్చడానికి ఆయన పెట్టిన పద్ధతి చూడదగినది. వర్తకుడు ధ్వజం దగ్గర సరుకు దించి, ఇంత సరుకు, ఇంత వెల, కొనేవారెవరు అని మూడుమార్లు కేక వేయాలి. కొనేవారు ముందుకు వస్తే ఆ వెలకు ఇచ్చివేయాలి. పోటీ పడి వెల పెరిగితే ఆ పెరిగిన మొత్తం సుంకంతోబాటు ఖజానాకు పోతుంది. సుంకానికి భయపడి సరుకు పరిమాణమో వెలో తగ్గించి చెబితే, ఎక్కువగా తేలినదంతా రాజు తీసుకొంటాడు, లేదా ఎనిమిదింతల సుంకం వసూలవుతుంది.

ఇక్కడ ఎవరిమీదా రుజువు భారం లేదని తోస్తుంది గాని, లోతుగా చూస్తే ఉన్నది. వర్తకుడు తన మాటకు తానే జామీను. తక్కువ వెల చెబితే ఆ తక్కువకే సరుకు పోగొట్టుకొనే ప్రమాదం. ఎక్కువ వెల చెబితే ఎక్కువ సుంకం. సాక్షులు బజారులోని జనం. అంతేకాదు, సరుకు దాచిపెట్టడానికి తోడుపడిన అధ్యక్షునికి శిక్ష ఎనిమిదింతలని కూడా కౌటిల్యుడు మరువకుండా వ్రాశాడు. తక్కెడ రెండు చిప్పలనూ చూచినవాడు ఆయన.

ఈ ఉపాయం మన దేశానికే పరిమితం కాలేదు. ఫ్రాన్సులో విప్లవం తరువాత 1796లో చేసిన ఒక చట్టం ప్రకారం, దిగుమతిదారు వెల తగ్గించి చెప్పాడని సుంకాధికారులు అనుకొంటే, వాదప్రతివాదాలు లేకుండా అతడు చెప్పిన వెలకు పదో వంతు కలిపి ఇచ్చి సరుకు తామే తీసుకోవచ్చును. నీవు చెప్పిన వెలే నిజమైతే నీకు లాభమే గదా అన్న ధోరణి ఇది. పద్ధతి చమత్కారంగా ఉన్నది గాని, ప్రభుత్వం బజారులో బేరగాడు కావలసి వస్తుంది. వేలరకాల సరుకులు రేవు దిగే కాలానికి ఇది పొసగేది కాదు.

మోటుపల్లి అభయం

మన తెలుగుదేశానికి వద్దాము. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి, కాకతీయుల కాలంలో పేరెన్నికగన్న రేవు. అక్కడి వీరభద్రాలయ మంటపంలోని స్తంభం మీద గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనం ఉన్నది. శక సంవత్సరం 1166, అనగా క్రీ.శ. 1244-45. అభయ శాసనమని దానికి పేరు. పూర్వపు రాజులు గాలివానకు కొట్టుకువచ్చిన ఓడల లోని సరుకునంతా బలవంతంగా లాగుకొనేవారు. గణపతిదేవుడు, ప్రాణంకన్న ధనమే మిన్న అని సముద్రం దాటివచ్చే వర్తకుల మీద దయతోను, కీర్తి కోసమూ ధర్మం కోసమూ, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పదింట ఒక వంతు.

గాలి దెబ్బతిన్న ఓడను తండ్రివలె ఆదరించాలని, నీట తడిసిన సరుకు మీద సుంకం మానివేయడమో సగం చేయడమో తగునని కౌటిల్యుడు ఏనాడో వ్రాశాడు. ఆ ధర్మమే మోటుపల్లి రాతిమీదికి ఎక్కింది.

మన విషయానికి పనికివచ్చే అంశం ఆ శాసనంలో మరొకటి ఉన్నది. ఏ సరుకుకు ఎంత సుంకమో అందులో పట్టీ ఇచ్చారు. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పగడాలు, మిరియాలు వంటివాటికి వెలలో గద్యాణానికి ఇంత అని సుంకం. పట్టుబట్టలకైతే మూటకు ఇంత. పోకచెక్కలకైతే లక్షకు ఇంత. అనగా వెల మీద వేసే సుంకమూ, లెక్క మీద వేసే సుంకమూ రెండూ మనకు 780 ఏళ్ల నాడే తెలుసు. అంతకన్న ముఖ్యం, అవి రాతిమీద చెక్కి నలుగురికీ కనబడేచోట నిలిపారు. దూరదేశపు వర్తకుడు రేవు దిగగానే ఎంత కట్టాలో తానే చదివించుకొని తెలుసుకోగలడు. సుంకరి ఇష్టానికి ఏదీ వదలలేదు.

1358లో కొండవీటి అనపోత రెడ్డి అదే మోటుపల్లిలో మరల వర్తకులకు అభయం ఇస్తూ శాసనం వేయించాడు. ఆ వంశపు కుమారగిరి రెడ్డి కాలంలో వసంతోత్సవాలకు కర్పూరము, కస్తూరి మొదలైన సుగంధ ద్రవ్యాలు దీవుల నుంచి ఓడల మీద తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. దిగుమతి వర్తకునికి కావ్యం అంకితమైన భాష మనది. అటువంటి వర్తకాన్ని బ్రతికించినది సుంకం తగ్గింపు ఒక్కటే కాదు, సుంకం ఇంతేనన్న భరోసా కూడా.

1878 నాటి చట్టం

ఇంగ్లీషువారి పాలనలో సుంకాలు కొత్త రూపు దాల్చాయి. 1860లో ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ దిగుమతుల మీద నూటికి 10 చొప్పున సుంకం పెట్టాడు. వెల తేల్చే చిక్కు తప్పించడానికి కొన్ని సరుకులకు ప్రభుత్వమే ఒక వెల నిర్ణయించి పట్టీ ప్రకటించేది. దీనిని టారిఫ్ విలువ అంటారు. ఇందులోనూ తగవు వచ్చింది. బజారులో వెలలు పడిపోయినా పట్టీలోని వెల మారలేదు, అందువల్ల మేము కట్టే సుంకం చెప్పినదానికన్న ఎక్కువ అవుతున్నదని మాంచెస్టరు నూలుబట్టల వర్తకులు 1874లో మొరపెట్టుకొన్నారు. వారి మాటకు సీమలో బలముండడంచేత 1882 నాటికి దిగుమతి సుంకాలు చాలావరకు ఎత్తివేశారు. మన నేతగాండ్ర మొర మాత్రం అంత దూరం వినబడలేదు.

1878లో సముద్ర కస్టమ్సు చట్టం వచ్చింది. దిగుమతిదారు బిల్ ఆఫ్ ఎంట్రీలో సరుకు నిజమైన విలువ ప్రకటించాలని 29వ సెక్షను, నిజమైన విలువ అంటే ఏమిటో 30వ సెక్షను చెప్పాయి. దిగిన చోట, దిగిన వేళ అటువంటి సరుకు టోకున నగదుకు అమ్ముడుపోయే వెల మొదటి కొలబద్ద. ఆ వెల తెలియకపోతే, అటువంటి సరుకు ఆ రేవుకు చేరడానికి అయ్యే ఖర్చు రెండవ కొలబద్ద. రెండింటిలో ఏది వర్తిస్తుందన్న తగవు 1932లో వాక్యూమ్ ఆయిల్ కంపెనీ వ్యాజ్యంలోను, 1938లో ఫోర్డు మోటారు కంపెనీ వ్యాజ్యంలోను లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. పెద్ద కంపెనీలకు సముద్రం దాటి వాదించే శక్తి ఉన్నది. చెన్నపట్నం రేవులో నాలుగు పెట్టెలు దింపుకొనే చిన్న వర్తకునికి అది ఎక్కడిది? అందుచేత చట్టం ఏమి చెప్పిందన్న దానితోబాటు, భారం ఎవరిమీద మోపిందన్నదీ అతనికి చావుబ్రతుకుల సమస్యే.

రెండు తక్కెడలు

సామాన్య న్యాయం ఏమంటే, ఆరోపించినవాడే రుజువు చేయాలి. 1872 నాటి సాక్ష్య చట్టం 101వ సెక్షను అదే చెప్పింది. కాని 106వ సెక్షను, ఒకరికే ప్రత్యేకంగా తెలిసిన సంగతిని వారే రుజువు చేయాలని కూడా చెప్పింది. 2024 జులై 1న భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినప్పుడు ఈ రెండు సూత్రాలూ 104, 109 సెక్షన్లుగా నిలిచాయి. కస్టమ్సు తగవులన్నీ ఈ రెండు సూత్రాల పెనుగులాటే. తక్కువ వెల అని ఆరోపించేది సర్కారు, కాబట్టి రుజువు దానిదే అని వర్తకుడు అంటాడు. వెల ఎంతో నీకూ నీ అమ్మకందారుకే తెలుసు, కాబట్టి రుజువు నీదే అని సర్కారు అంటుంది.

దొంగతనంగా సరిహద్దు దాటించిన బంగారం విషయంలో ఈ పెనుగులాట ముందుగా తేలింది. 1955లో సముద్ర కస్టమ్సు చట్టానికి 178-ఏ అన్న సెక్షను చేర్చారు. బంగారం, వజ్రాలు వంటి కొన్ని వస్తువులను దొంగ సరుకని సహేతుకంగా నమ్మి పట్టుకొంటే, అది దొంగ సరుకు కాదని రుజువు చేసుకోవలసిన భారం వాటిని దగ్గర ఉంచుకొన్నవారిదే. మదరాసు హైకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమన్నది. 1961లో నాతెళ్ల సంపత్తు చెట్టి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చి సెక్షనును నిలిపింది. నేటి 1962 నాటి కస్టమ్సు చట్టంలో అదే 123వ సెక్షను.

ఐతే ఆ సెక్షను కొద్ది వస్తువులకే. తక్కినవాటి సంగతేమిటి? అంబాలాల్ వ్యాజ్యంలో, చట్టం ప్రత్యేకంగా చెప్పనప్పుడు భారం కస్టమ్సు శాఖదేనని, 106వ సెక్షను చూపి దానిని పూర్తిగా ఎదుటివాని నెత్తిమీదికి నెట్టరాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1974లో భూర్‌మల్ వ్యాజ్యంలో జస్టిస్ సర్కారియా దానికి ఒక మెలిక చేర్చారు. భారం శాఖదే, కాని గణితశాస్త్రంలోవలె పూసగుచ్చినట్లు నిరూపించాలని కోరరాదు. ప్రతి సాక్ష్యాన్నీ, దానిని చూపగల శక్తి ఎవరికి ఉన్నది, ఖండించగల శక్తి ఎవరికి ఉన్నది అన్నదానిని బట్టి తూచాలి. ఇంగ్లండులో 1774లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ చెప్పిన ఈ సూత్రం సరిగా రెండువందల ఏండ్లకు మన చెన్నపట్నం వ్యాజ్యంలో పనికివచ్చింది.

కాబట్టి రెండు తక్కెడలున్నాయి. సరుకు దొంగదా కాదా అన్నది ఒకటి. దొరతనంగా రేవులో దిగిన సరుకు వెల నిజమా కాదా అన్నది మరొకటి. మొదటిదానిలోని కఠిన నియమాన్ని రెండవదానికి తగిలించరాదు. ఈ భేదం తెలియకనే కొందరు వర్తకులు అన్ని వేళలా రుజువు మనదేనని హడలిపోతారు.

ఊహించిన వెల, ఇచ్చిన వెల

1963 ఫిబ్రవరి 1న కొత్త కస్టమ్సు చట్టం అమలులోకి వచ్చింది. దాని 14వ సెక్షను, అమ్మకందారుకూ కొనుగోలుదారుకూ ఒకరి వ్యాపారంలో మరొకరికి సంబంధం లేనప్పుడు, అటువంటి సరుకు అంతర్జాతీయ వర్తకంలో సామాన్యంగా ఏ వెలకు అమ్ముతారో అదే విలువ అన్నది. నీవు ఎంత ఇచ్చావు అన్నది కాదు, ఎంతకు అమ్ముడుపోవాలి అన్నది ప్రశ్న. 1950లో బ్రస్సెల్సులో కుదిరిన ఒడంబడిక లోని కొలబద్ద కూడా ఈ జాతిదే. ఇటువంటి కొలబద్దతో వర్తకుని కాగితానికి విలువ తక్కువ, అధికారి ఊహకు చోటు ఎక్కువ.

ప్రపంచ వర్తకులు దీనికి ఒప్పుకోలేదు. 1947 నాటి గాట్ ఒడంబడిక ఏడవ అధికరణమే, విలువ నిజమైనదిగా ఉండాలి గాని కల్పితంగా ఉండరాదని చెప్పింది. 1979లో టోక్యో చర్చల ఫలితంగా కుదిరిన ఒప్పందం, నిజంగా ఇచ్చిన, ఇవ్వవలసిన ధరనే మొదటి కొలబద్ద చేసింది. మన దేశం ఆ పద్ధతిని 1988 ఆగస్టు 16 నుంచి నియమావళిగా అమలుపరచింది. అంతటితో తక్కెడ వర్తకుని వైపు మొగ్గింది.

మరి సర్కారు కష్టం మాటేమిటి? దొంగ ఇన్వాయిసులు పుట్టించేవారు, సగం ధర బ్యాంకు ద్వారాను సగం చాటుమాటుగాను పంపేవారు లోకంలో లేకపోలేదు. అమ్మినవాడు హాంకాంగులోనో సింగపూరులోనో ఉంటే, అతని పద్దు పుస్తకాలు చూచే అధికారం మన అధికారికి లేదు. సుంకం మీద ఎక్కువగా ఆధారపడిన దేశాలు ఈ బాధను 1994లో మొరాకో దేశపు మరాకెష్ నగరంలో తేల్చుకొన్నాయి. చెప్పిన వెల మీద సందేహానికి కారణం ఉంటే అధికారి మరింత సమాచారం అడగవచ్చును, అప్పటికీ సహేతుకమైన సందేహం తీరకపోతే ఆ వెలను పక్కన పెట్టవచ్చును అని అక్కడ నిర్ణయం జరిగింది. మనదేశంలో ఇది 1998లో 10-ఏ నియమంగా వచ్చి, 2007 అక్టోబరు 10 నుంచి అమలయిన నియమావళిలో 12వ నియమంగా ఉన్నది.

ఆ 12వ నియమం చదవదగినది. అదే కాలంలో అటువంటి సరుకు చాలా ఎక్కువ వెలకు దిగడం, మామూలుకు మించిన తగ్గింపు, సరుకు రకమో నాణ్యమో పుట్టిన దేశమో తప్పు చెప్పడం, కాగితాలు దొంగవి కావడం, ఇటువంటివి సందేహానికి కారణాలుగా పేర్కొన్నది. దిగుమతిదారు కోరితే ఆ కారణాలు వ్రాతపూర్వకంగా ఇవ్వాలి, అతని మాట వినాలి, ఆ తరువాతనే తుది నిర్ణయం. ఇది భారాన్ని పూర్తిగా తిప్పివేయలేదు. బంతి చేతులు మారేలా చేసిందని చెప్పవచ్చును. మొదట వర్తకుడు వెల చెప్పాలి. కాదనడానికి అధికారి కారణం చూపాలి. కారణానికి వర్తకుడు జవాబు చెప్పాలి. జవాబు ఎందుకు చాలదో అధికారి మరల చెప్పాలి.

తీర్పులు నేర్పిన పాఠాలు

1998లో మీరా ఎక్స్‌పోర్ట్సు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, వెల తగ్గించారన్న ఆరోపణను రుజువు చేసే భారం ప్రభుత్వానిదేనని, పైకి కనబడే ఒప్పందమే నిజమని మొదట అనుకోవాలని, కాదని చూపవలసింది ప్రభుత్వమేనని చెప్పింది.

2000లో ఐషర్ ట్రాక్టర్సు వ్యాజ్యం వచ్చింది. జపానులో 1989లో తయారై నిలవ ఉండిపోయిన బేరింగులను అమ్మకందారు నూటికి 77 తగ్గించి ఇచ్చాడు. ఇంత తగ్గింపు ఎక్కడైనా ఉంటుందా అని అధికారులు పాత ధరల పట్టీని పట్టుకొని విలువ పెంచారు. పట్టీ అన్నది అమ్మకందారు అడిగే ధర మాత్రమే, తగ్గింపు వర్తకంలో మామూలే, నియమాలలో చెప్పిన మినహాయింపులు లేనప్పుడు ఇచ్చిన ధరే విలువ అని జస్టిస్ రూమా పాల్ తీర్పు. సంతలో చివరి గంటలో కూరగాయలు ఏ ధరకు పోతాయో ఎరిగిన మన ఆడవారికి ఈ తీర్పు బోధపరచనక్కరలేదు.

2007లో సౌత్ ఇండియా టెలివిజన్ వ్యాజ్యంలో, హాంకాంగులోని ఎగుమతి ప్రకటన నకలు ఒకటి చూపి వెల తక్కువ చెప్పారని శాఖ వాదించింది. ఎగుమతిదారులు తమ దేశపు ప్రోత్సాహకాల కోసం వెల పెంచి చూపే అవకాశం ఉన్నదని, అటువంటి కాగితం ఒక్కటే చాలదని, ఇటువంటి సరుకు అదే కాలంలో ఏ వెలకు దిగిందో చూపాలని, చూపలేకపోతే సందేహ లాభం దిగుమతిదారుదేనని జస్టిస్ కపాడియా తీర్పు చెప్పారు. ఇన్వాయిసు మీద అనుమానం వేసినంతమాత్రాన అది అబద్ధమైపోదు.

2019లో సెంచురీ మెటల్ రీసైక్లింగు వ్యాజ్యం అల్యూమినియం తుక్కుకు సంబంధించినది. లండను లోహపు బజారు ధర నుంచి కొంత తగ్గించి తుక్కు విలువ కట్టాలన్న పద్ధతిని పట్టుకొని అధికారులు ప్రకటించిన వెలలు కొట్టివేశారు. 12వ నియమంలోని మెట్లు ఎక్కకుండా అలా చేయరాదని, సందేహానికి నిర్దిష్టమైన కారణాలు ఉండాలని, ఉత్త అనుమానం చాలదని న్యాయస్థానం చెప్పి ఆ ఉత్తర్వులను రద్దుచేసింది.

ఈ తీర్పుల వరుస చూచి భారమంతా సర్కారుదే అని సంబరపడితే పొరపాటు. అమెరికాలో అయితే కస్టమ్సు కట్టిన విలువే సరి అయినదని న్యాయస్థానం మొదట భావిస్తుంది, కాదని చూపవలసింది వర్తకుడే. మన దేశంలోనూ 2023 ఫిబ్రవరి 11 నుంచి అమలయిన నియమాల ప్రకారం, వెల తగ్గించే అలవాటు ఎక్కువగా ఉన్నదని ప్రభుత్వం గుర్తించిన కొన్ని సరుకులకు దిగుమతిదారు ముందుగానే మరిన్ని వివరాలు ప్రకటించాలి. తక్కెడ మరల కొంచెం అటు మొగ్గింది. ఇక పామాయిలు, బంగారం, వెండి వంటివాటికి ప్రభుత్వమే టారిఫ్ విలువలు ప్రకటిస్తూనే ఉన్నది. ఆ పట్టీలో పోకచెక్కలు కూడా ఉన్నాయి. మోటుపల్లి రాతిమీద లక్ష పోకలకు సుంకం చెక్కినవారు ఇది చూస్తే చిరునవ్వు నవ్వేవారేమో.

మనవారికి ఒక మనవి

చట్టంలో భారం ఎవరిదైనా, రేవులో సరుకు పడి ఉన్నంతకాలం అద్దె ఎక్కేది వర్తకునికే. గెలిచే తగవును కూడా అద్దెకు భయపడి వదలుకొని, అధికారి చెప్పిన వెలకు సరేనని సంతకం పెట్టేవారు ఉన్నారు. ఆ సంతకం తరువాత వారి మెడకే చుట్టుకొంటుంది. కాబట్టి కొన్ని సంగతులు తెలిసి ఉండడం మేలు. తగవు తేలేలోపల పూచీ ఇచ్చి సరుకు విడిపించుకోవడానికి 18వ సెక్షను దారి చూపింది. అధికారి వెల మార్చి సుంకం కట్టినప్పుడు మనం వ్రాతమూలకంగా ఒప్పుకోకపోతే, 15 దినాలలో కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలని 17వ సెక్షను విధించింది. వెల కావాలని తప్పు చెప్పారన్న ఆరోపణ మీద సర్కారు 5 సంవత్సరాల వెనక్కుపోయి నోటీసు ఇవ్వవచ్చునని 28వ సెక్షను చెబుతున్నది.

ఇందులో వర్తకుని ధర్మమూ ఉన్నది. వెల దాచి ఒకడు మిగుల్చుకొన్న సుంకం, నిజం చెప్పిన పక్క దుకాణంవాని పొట్టమీద కొట్టినదే. అబద్ధపు ఇన్వాయిసులు పెరిగినకొద్దీ నిజమైన ఇన్వాయిసును నమ్మేవారు కరవవుతారు. పరాయి రాష్ట్రంలో స్థిరపడిన మనకు ఇది మరింత వర్తిస్తుంది. మన ముత్తాతలకు అక్కడ ఆస్తి లేనినాడు అప్పు పుట్టించినది వారి మాట ఒక్కటే.

ఉగాదికి కొత్త చిట్టా తెరిచే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. కొత్తదానికి పసుపు కుంకుమలు పెట్టేటప్పుడు పాత కాగితాలు మూటకట్టి ఎక్కడో పారవేస్తారు. బేరమాడిన ఉత్తరాలు, ధర తగ్గించినందుకు అమ్మకందారు చెప్పిన కారణం, బ్యాంకు పంపకపు రసీదు, ఇవన్నీ ఆ మూటలోనే పోతాయి. దయచేసి వాటిని ఐదేండ్లయినా భద్రపరచండి. భారం ఎదుటివానిదే అయినా, మన చేతిలో కాగితం ఉన్నప్పుడే దానిని అతడు మోయక తప్పదు.